స్వామి వద్దన్న పేరు

ఫాన్ గారు టీ పోసే తీరు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఒక్క చుక్క బల్ల మీద పడదు. ఎదుటివాడి కప్పు సగానికి తగ్గీ తగ్గకముందే ఆయన చేయి కెటిల్ మీదికి పోతుంది. లాయ్ సుయి-హంగ్ రెండు వేళ్లతో బల్ల మీద తట్టి కృతజ్ఞత తెలిపేవాడు, కప్పు మళ్లీ నిండేది. కెటిల్ రెండుసార్లు మారినా ఇద్దరిలో ఎవరూ అసలు సంగతి ఎత్తలేదు. సుయి-హంగ్ కొడుకు కిన్ అవతలి ఒడ్డున చైనావాళ్ల నిర్బంధంలో ఉన్నాడు. అదీ అసలు సంగతి.

సముద్రం మీద గీత ఎక్కడుందో కంటికి కనపడదు. కిన్ పడవ ఆ గీత దాటిందని అవతలి గస్తీవాళ్లు పట్టుకుపోయారు. ఇలాంటివి ఏటా జరిగేవే. మందలించి, జరిమానా రాయించుకుని, మర్నాడు పంపేస్తారు. ఈసారి కూలీలిద్దర్నీ అలాగే పంపేశారు. కిన్‌ని మాత్రం ఉంచేశారు, పడవనూ ఉంచేశారు. ఎందుకని అడిగితే విచారణ అన్నారు. దేని మీద విచారణో ఎవరూ చెప్పలేదు.

"అబ్బాయి కులాసాగా ఉన్నాడట," అన్నాడు ఫాన్ చివరికి. "అన్నం బాగానే తింటున్నాడట. రాత్రిళ్లు నిద్ర సరిగ్గా పట్టడం లేదంటున్నారు, అంతే."

కన్నతండ్రికి కబురు లేదు, తల్లికి ఉత్తరం లేదు. తన కొడుక్కి నిద్ర పడుతోందో లేదో ఈ పెద్దమనిషికి మాత్రం తెలుసు.

వచ్చే జూలైలో హాంకాంగ్ మీద ఇంగ్లండు జెండా దిగి చైనా జెండా ఎక్కబోతోంది. ఆ తర్వాత ఊరిని నడిపే మొట్టమొదటి పెద్దను ఎన్నుకునే పని నాలుగు వందల మందికి అప్పగించారు. అరవై లక్షల జనంలోంచి ఏరిన నాలుగు వందల మంది. మిల్లుల యజమానులు, వకీళ్లు, బ్యాంకుల వాళ్లు, సినిమా వాళ్లు కూడా ఉన్నారు. జాలర్ల తరఫున సెక్ పాయ్ దీవిలో మంచు ఫ్యాక్టరీ నడిపే సుయి-హంగ్ పేరు వచ్చినప్పుడు దీవి మొత్తం టపాకాయలు కాల్చింది. ఆయన కూడా కొత్త కోటు కుట్టించుకున్నాడు. ఎందుకు దాచాలి, ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అది కిన్ పట్టుబడక ముందు మాట.

"ఓటు రహస్యం, పెద్దాయనా," అన్నాడు ఫాన్. "మీరు ఎవరికి వేశారని నేను అడగను, మీరు చెప్పకూడదు. చట్టం చట్టమే. మిల్లుల యజమాని కో గారు ఎలాగూ గెలుస్తారు, దానికి బెంగ లేదు. కానీ పెళ్లి భోజనాల్లో ఒక్క కుర్చీ ఖాళీగా ఉన్నా చూసేవాళ్లు ఏమనుకుంటారు చెప్పండి? ఓట్ల అంకె నిండుగా ఉండాలి."

"మా వాడి సంగతి..."

"ఓట్లయ్యాక చలికాలంలో పొద్దు తిరిగే పండక్కి ఇంట్లో అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తినాలంటారు కదా మీ వైపు," అంటూ ఫాన్ లేచి నిలబడ్డాడు. "మంచి ఆచారం. తినాలి మరి." బిల్లు ఆయనే కట్టాడు.

ఈ ఫాన్ ఎవరు, ఏ ఆఫీసు, పైన ఎవరున్నారని దీవిలో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ఇస్త్రీ నలగని చొక్కా, ఎప్పుడూ తగ్గని మర్యాద. అలాంటివాడిని అడగడానికి నోరు రాదు.

ఇంట్లో భార్య క్వాన్ ఎండు రొయ్యలు ఏరుతోంది. సంగతి విని తల కూడా ఎత్తలేదు.

"వెయ్యి. కో అంటే కో. కోతికి వెయ్యమన్నా వెయ్యి. ఇందులో ఆలోచించడానికి ఏముందయ్యా?"

"కో మీద పోటీకి నిలబడ్డది డాక్టర్ సియంగ్ కదే."

"తెలుసులే."

తెలియకేం. దీవికి ఆసుపత్రి లేని రోజుల్లో గురువారం గురువారం లాంచీ ఎక్కి వచ్చేవాడు సియంగ్ డాక్టరు. సముద్రం పోటెత్తినా వచ్చి, రేవులో వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని రోగుల్ని చూసేవాడు. కిన్ కాళ్లు ముందుగా పుట్టిన పిల్లాడు. వాడినీ తల్లినీ బతికించి ఇచ్చింది ఆయనే. ఇప్పుడాయన ముసలివాడై, ఊరికి పెద్దగా ఉంటానని నిలబడ్డాడు. గెలవడని ఆయనకూ తెలుసు. అయినా నిలబడ్డాడు.

"డాక్టరు నా కొడుకుని ఒకసారి ఇచ్చాడు," అంది క్వాన్. ఈసారి తలెత్తింది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఆయన్ని అడిగి చూడు, వాణ్ని దక్కించుకోవడానికి కో కే వెయ్యమంటాడు. ఆ మనిషి అలాంటివాడు. వెళ్లి వెయ్యి."

ఆమె చెప్పింది సబబే. అది సుయి-హంగ్‌కీ తెలుసు. అయితే ఈయనకు ఒక జబ్బు ఉంది, స్వామిని అడగనిదే ఏ పనీ చెయ్యడు. ఇరవై ఏళ్లుగా, జాలర్లను సముద్రం మీద కాచే పాక్ తాయ్ స్వామి గుడిలో చెక్కలు వేయించేది ఆయనే. దీవిలో ఏటా జరిగే జాతరకు పెద్దను మనుషులు ఎన్నుకోరు. పేర్లు ఒక్కొక్కటీ స్వామి ముందు చదువుతారు. పేరు పేరుకీ రెండు చెక్కలు నేల మీద వేస్తారు. చంద్రవంక ఆకారంలో ఒక వైపు చదునుగా, ఒక వైపు ఉబ్బెత్తుగా ఉండే చెక్కలు. ఒకటి వెల్లకిలా ఒకటి బోర్లా పడితే స్వామి ఔనన్నట్టు. రెండూ వెల్లకిలా పడితే నవ్వుతున్నట్టు. రెండూ బోర్లా పడితే వద్దన్నట్టు. సుయి-హంగ్ దగ్గర మొహమాటం ఉండదని, ఆయన ఉంటే కుంటిసాకులు చెల్లవని జనానికి నమ్మకం. సొంత బావమరిది పేరుకి చెక్కలు బోర్లా పడితే, బావమరిది ముందే బిగ్గరగా చదివి పక్కన పెట్టిన మనిషి. ఆ నమ్మకం వల్లే పేరు నాలుగు వందల్లోకి వెళ్లింది.

ఓటు రోజు దగ్గరపడుతున్న కొద్దీ ఆయనకు అన్నం సయించలేదు. కో కి వేస్తే డాక్టరు ముఖం ఎలా చూడాలి? స్వామి ఔనంటే చాలు, ఆ బరువు స్వామి మీదికి పోతుంది. ఒట్టి ధైర్యం కోసం వెళ్లాడు గుడికి. స్వామి ఔననే అంటాడని గట్టిగా నమ్మి వెళ్లాడు.

గుడి చూసుకునే లోక్ తాత అగరుబత్తుల చుట్టలకు నిప్పు అంటిస్తున్నాడు. ఇద్దరు ఆడవాళ్లు నారింజలు పేరుస్తున్నారు. గుమ్మం దగ్గర ఎవరో కొత్త మనిషి చెప్పుల్లో ఇసుక దులుపుకుంటున్నాడు. సుయి-హంగ్ మోకాళ్ల మీద కూర్చుని చెక్కలు రెండు చేతుల మధ్య పట్టుకున్నాడు. నోరు తెరవబోయి ఒక్క క్షణం ఆగాడు. మనసులో అనుకుంటే సరిపోదా అనిపించింది.

సరిపోదు. ఆ మాట దీవిలో ప్రతివాడికీ నేర్పింది తనే. పేరు, వీధి, వయసు, అడగదలచింది, అన్నీ పైకి చెప్పాలి. గొణిగినవాళ్లను ఎంతమందిని కసిరాడో లెక్కలేదు. "అలల చప్పుడులో స్వామికి ఏం వినిపిస్తుందిరా? గట్టిగా చెప్పు!" అని గద్దించేవాడు. ఇప్పుడు తన వంతుకు వచ్చేసరికి గొణుగుతాడా?

"స్వామీ, సెక్ పాయ్ దీవి, మంచు ఫ్యాక్టరీ వీధి, లాయ్ సుయి-హంగ్‌ని. అరవై నాలుగేళ్లు. నా కొడుకు కిన్ అవతల పట్టుబడి ఉన్నాడు. మిల్లుల కో గారికి ఓటు వెయ్యమంటున్నారు. వెయ్యమంటావా?"

చెక్కలు బోర్లా పడ్డాయి, రెండూ. మళ్లీ వేశాడు. బోర్లానే. నారింజలు పేర్చే ఆడవాళ్లు చేతిలో పని ఆపేశారు. మూడోసారి ఒక చెక్క అంచు మీద నిలబడి ఊగింది. ఆ ఊగుతున్నంతసేపూ సుయి-హంగ్ ఊపిరి బిగబట్టాడు. చివరికి అదీ బోర్లా పడింది.

"ఇంకో రకంగా అడుగు, హంగూ," అన్నాడు లోక్ తాత మెల్లగా. "కొడుకుని దాటించమని అడుగు. ఓటు మాట ఎత్తకు."

"మూడుసార్లు చెప్పించుకుని నాలుగో మాట అడిగేవాడిని నేనేమంటాను తాతా?"

"మెడ పట్టి గెంటుతావు."

"మరి?"

సుయి-హంగ్ లేచి చూసేసరికి గుమ్మం దగ్గర మనిషి లేడు.

ఎన్నిక జరిగిన హాలు అద్దాలతో, తివాసీలతో, నేల మీద అడుగు పడితే చప్పుడు లేకుండా ఉంది. బయట కెమెరాలు, తోపులాట, ఎవరో నినాదాలు చేస్తుంటే పోలీసులు ఎత్తి వ్యానులో వేస్తున్నారు. తలుపు మూసుకోగానే ఆ గోల కత్తిరించినట్టు ఆగిపోయింది. నాలుగు వందల మంది వరుసల్లో కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా జాగ్రత్తపడుతున్నారు. డాక్టర్ సియంగ్ ముందు వరుసలో చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. సుయి-హంగ్‌ని చూసి తల ఊపాడు, బాగున్నావా అన్నట్టు.

తెర చాటున కాగితం బల్ల మీద పెట్టి సుయి-హంగ్ కలం తీశాడు. స్వామి వద్దన్నాడు, మూడుసార్లు వద్దన్నాడు. తెర ఇవతల తాను ఒక్కడే, చూసేవాడు లేడు. డాక్టరుకి వేస్తే ఎవరికీ తెలియదు కూడా. కానీ కిన్‌కి నిద్ర పట్టడం లేదన్న మాట చెవిలో పురుగులా తిరుగుతోంది. వాడికేమైనా అయితే తను స్వామి మాట నిలబెట్టి ఏం చేసుకుంటాడు? జీవితంలో మొదటిసారి పాక్ తాయ్ స్వామి అంటే ఉన్న భయం కన్నా ఇంకొక భయం పెద్దదైంది. కో పేరు ముందు గుర్తు పెట్టి, కాగితం మడిచి పెట్టెలో వేశాడు.

కో గెలిచాడు. అంకె ఫాన్ కోరినంత నిండుగా రాలేదు గానీ, ఖాళీ కుర్చీలు వేళ్ల మీద లెక్కపెట్టేలాగే ఉన్నాయి. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. సుయి-హంగ్ కూడా కొట్టాడు, అరచేతులు మండేదాకా కొట్టాడు. ఇంటికి వచ్చి భార్యతో "అయిపోయింది" అని ఒక్కటే మాట అన్నాడు. ఆమె మర్నాడే కొడుకు పరుపు ఎండలో వేసింది.

కిన్ రాలేదు. రోజూ రెండో లాంచీ దాకా క్వాన్ రేవులో నిలబడేది. పండగ కూడా వచ్చింది. ఆవిరి మీద చేప ఉడుకుతుంటే గుమ్మంలో ఫాన్ కనిపించాడు. చేతిలో పండ్ల బుట్ట ఉంది.

"మా వాడేడండీ?" అంది క్వాన్, కూర్చోమనకుండానే.

ఫాన్ తనంతట తనే కూర్చున్నాడు. బల్ల మీద ఉన్న కెటిల్ అందుకుని సుయి-హంగ్‌కి టీ పోశాడు.

"నేనూ అదే అనుకున్నాను, పెద్దాయనా, వచ్చేస్తాడని. పైవాళ్లు ఒప్పుకోవడం లేదు. మీరు మాట తప్పారంటున్నారు."

"తప్పానా? నేను కో గారికే వేశాను!"

"ఓటు రహస్యం. మీరు చెప్పకూడదు, నేను వినకూడదు."

"వేశానయ్యా! నా చేత్తో గుర్తు పెట్టాను!"

"తెర వెనక ఏం జరిగిందో నాకెలా తెలుస్తుంది? గుడిలో జరిగింది మాత్రం రహస్యం కాదుగా." ఫాన్ గొంతు ఏమాత్రం పెరగలేదు. "చెక్కలు మూడుసార్లూ వద్దన్నాయట. రెండో లాంచీ కదిలేలోపు దీవంతా చెప్పుకున్నారు. స్వామి మాట జవదాటని మనిషని మీకు పేరు. ఆ పేరు చూసే కదా మిమ్మల్ని ఏరింది. అలాంటి మనిషి స్వామి కాదన్నవాడికి ఓటేశాడని నేను పైకి వెళ్లి చెబితే, నన్ను చూసి నవ్వరూ?"

దాచుకోవడానికి చట్టం ఇచ్చిన తెరే ఇప్పుడు గోడలా అడ్డం నిలబడింది. కాగితం మీద పేరు లేదు, చూసినవాడు లేడు. తన నోటితో తానే స్వామికి గట్టిగా వినిపించిన మాట ఒక్కటే లోకంలో మిగిలి ఉంది.

"ఏం చేస్తే నమ్ముతారు?" అంది క్వాన్.

"నన్నడిగితే ఏం చెప్పను అమ్మా? మీ దగ్గర మాట నిరూపించుకునే పద్ధతి ఏముంటుందో మీకే తెలియాలి."

సుయి-హంగ్ టీ కప్పు పక్కకి జరిపాడు.

"గుడి ముందు కోడిని నరికి ప్రమాణం చేస్తాను," అన్నాడు సుయి-హంగ్.

ఫాన్ కెటిల్ కింద పెట్టాడు. "అంటే, మీ స్వామి ఎదుట నిలబడి, ఆయన మాట కాదన్నానని చెబుతారా?"

"చెబుతాను."

"అందరూ వింటుండగా?"

"స్వామికి చెప్పేది గట్టిగానే చెప్పాలి."

మర్నాడు గుడి ముంగిట దీవి మొత్తం చేరింది. ఇలాంటి ప్రమాణం చూసి చాలా ఏళ్లయింది. చివరిసారి ఎవరో ఇద్దరు అన్నదమ్ములు వల దొంగతనం మీద చేశారు. తెల్ల పుంజుని క్వాన్ పట్టుకుంది. లోక్ తాత చెక్క మొద్దు తెచ్చి పెట్టి ముఖం తిప్పుకున్నాడు. జనం వెనకాల ఫాన్ ఎండ తగలకుండా చూరు కింద నిలబడ్డాడు.

"స్వామీ, లాయ్ సుయి-హంగ్‌ని. నువ్వు మూడుసార్లు వద్దన్న కో కి నేను ఓటు వేశాను. నువ్వు చెప్పింది విని, తెలిసి తెలిసి, వేశాను. ఇందులో అబద్ధముంటే ఈ కోడి గతే నాకు పట్టాలి."

కత్తి ఒక్క వేటుకే దిగింది. అలాంటప్పుడు జనం అమ్మయ్య అంటారు, ప్రమాణం చేసినవాడి భుజం తడతారు. ఆ రోజు ఎవరూ తట్టలేదు. సుయి-హంగ్ నెత్తురు తుడుచుకుంటూ చుట్టూ చూస్తే, కళ్లు కలిసినవాళ్లంతా నేల చూపులు చూశారు. ఆ మనిషి అబద్ధం ఆడలేదని ప్రతి ఒక్కరికీ తెలుసు. వాళ్ల భయమంతా ఆ నిజం చూసే.

ఫాన్ దగ్గరికి వచ్చి చెయ్యి కలిపాడు. "స్పష్టంగా ఉంది. పైవాళ్లకి చెబుతాను. అయిదేళ్లకి మళ్లీ ఎన్నిక వస్తుంది కదా, కలుద్దాం."

వారం తిరగకుండా కిన్ వచ్చాడు. తన పడవ తనే నడుపుకుంటూ రేవులోకి వచ్చాడు. చిక్కిపోయాడు, మాట తగ్గింది. పెద్దగా ఎవరైనా పిలిస్తే ఉలిక్కిపడుతున్నాడు. క్వాన్ పండగ వంట మళ్లీ మొదటి నుంచి వండింది. ముగ్గురూ ఒక బల్ల దగ్గర తిన్నారు. తండ్రి ఏం చేశాడో ఎవరు చెప్పాలో తెలియక ఎవరూ చెప్పలేదు. సుయి-హంగ్ కొడుకు గిన్నెలో చేప ముక్కలు వేస్తూనే ఉన్నాడు. వాడు తింటుంటే చూడటమే ఆయనకు చాలనిపించింది.

గాలి అనుకూలించిన రోజు తెల్లారుతూనే కిన్ వేటకు బయల్దేరాడు. వలలు సర్దాడు, తండ్రి తెచ్చిన మంచు ఎక్కించాడు. కూలీలు మాత్రం రాలేదు. ఎండ పైకి వచ్చాక ఎత్తు పళ్ల వింగ్ వచ్చాడు. పట్టుబడ్డ రోజున కూడా ఆ పడవలోనే ఉన్నవాడు. రేవు మెట్ల మీదే ఆగిపోయాడు, పడవ మీద కాలు పెట్టలేదు.

"ఏరా, ఎక్కవేం?" అన్నాడు కిన్.

వింగ్ సుయి-హంగ్ వైపు చూసి గబుక్కున చూపు తిప్పుకున్నాడు. "హంగ్ బాబాయ్, మీ మీద కోపం లేదు. మా ఇంట్లో ఇదే జరిగితే నేనూ అదే చేద్దును. కానీ గాలీ వానా వస్తే నడిసముద్రంలో మేం పిలిచేది ఎవరిని బాబాయ్? ఆయన్నే కదా. మీ పడవలో ఉండి ఏ ముఖం పెట్టుకుని పిలుస్తాం?"

"ఏమిటి నాన్నా? వీడేం మాట్లాడుతున్నాడు?"

వింగే చెప్పాడు. చెక్కల సంగతి, తెర సంగతి, కోడి సంగతి. దాచిందేమీ లేదు, కలిపిందేమీ లేదు. చెప్పి, ఇంకెక్కడో పని ఉన్నవాడిలా వెళ్లిపోయాడు. పక్క పడవలన్నీ ఒక్కొక్కటే తాళ్లు విప్పుకుని కదిలాయి.

పడవలో చుక్కాని గది మూలన అరచెయ్యంత స్వామి బొమ్మ ఉంది, దాని ముందు దీపం ఉంది. వాడు వెళ్లి దీపంలో నూనె పోశాడు. తర్వాత ఇంజను స్టార్ట్ చేశాడు.

"ఒక్కడివీ వల ఎలా లాగుతావు?" అన్నాడు సుయి-హంగ్. "నేనొస్తాను. మంచు అమ్ముకుంటున్నా గానీ చేతులింకా మర్చిపోలేదు." చెప్పులు విప్పి మెట్టు మీద పెట్టి, ఒక కాలు పడవ అంచు మీద వేశాడు.

"నాన్నా."

కొడుకు తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కళ్ల నిండా నీళ్లు.

"నాకోసమే చేశావు. నాకు తెలుసు," అన్నాడు. "నువ్వు మాత్రం ఎక్కకు."

సుయి-హంగ్ కాలు వెనక్కి తీసుకున్నాడు.